కాలేజీ వదిలి విదేశీ లీగ్‌కి వెళ్లే బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు: డ్రాఫ్ట్, కాంట్రాక్ట్, ట్యాక్స్ లెక్కలు

కోర్టుసైడ్
హైస్కూలు అయిపోగానే కాలేజీ టీమ్‌లో చేరకుండా ఆస్ట్రేలియాకో చైనాకో యూరప్‌కో వెళ్లి, ఒక సీజన్ జీతానికి ఆడి, అక్కణ్ణుంచి అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కి (టీమ్‌లు వరసలో కొత్త ఆటగాళ్లని ఎంచుకునేది, ఎంపికైన వరస సంఖ్యే 'పిక్') వెళ్లే దారి గురించి ఒకచోట సరైన సమాచారం పెడదామని ఈ థ్రెడ్. డాలస్, న్యూజెర్సీ వైపు మన పిల్లలు కూడా ఏఏయూ (స్కూలు బయటి క్లబ్ జట్ల) టోర్నీలు ఆడుతున్నారు. తల్లిదండ్రుల గ్రూపుల్లో ఈ మాట వస్తే "లామెలో వెళ్లలేదా, మూడో పిక్ రాలేదా" అనే ఒక్క ముక్కతో చర్చ అయిపోతోంది. ఒకటే షరతు: సొంత గోడు వద్దు, అంకెలూ నిబంధనలూ రాయండి.

మొదలు నేను పెడతాను. ఈ దారి పుట్టింది 2005లో ఎన్‌బీఏ, ఆటగాళ్ల సంఘం చేసుకున్న ఒప్పందం వల్ల. 2006 డ్రాఫ్ట్ నుంచి, ఆ క్యాలెండర్ సంవత్సరంలో 19 నిండాలి, అమెరికా కుర్రాడైతే తన హైస్కూల్ బ్యాచ్ బయటికొచ్చి ఏడాది గడవాలి. లెబ్రాన్ లాగా స్కూల్ నుంచి నేరుగా వెళ్లే తలుపు మూసుకుపోయింది. మధ్యలో మిగిలిన ఆ ఒక్క ఏడాదిని ఎక్కడ గడపాలన్నదే అసలు ప్రశ్న.

గోదారి గార్డ్
ముందు చరిత్ర త్వరగా చెప్పుకుని పక్కన పెడదాం.

2008లో బ్రాండన్ జెన్నింగ్స్ అరిజోనా కాలేజీ వద్దనుకుని రోమ్ క్లబ్‌కి వెళ్లాడు. ఇటలీ లీగ్‌లో మ్యాచ్‌కి 17 నిమిషాలు, 5.5 పాయింట్లు. చూడ్డానికి ఏమీ లేదు, అయినా 2009లో 10వ పిక్. ఆ నవంబర్‌లోనే ఎన్‌బీఏ టీమ్ గోల్డెన్ స్టేట్ మీద 55 పాయింట్లు కొట్టాడు.

2009లో జెరెమీ టైలర్ ఇంకో అడుగు ముందుకేసి హైస్కూల్ చివరి ఏడాదే వదిలేశాడు. ఇజ్రాయెల్ క్లబ్ మక్కాబీ హైఫా, 1,40,000 డాలర్లు. 10 మ్యాచ్‌లు ఆడి మధ్యలో ఇంటికొచ్చేశాడు, తర్వాత టోక్యో, చివరికి 2011లో 39వ పిక్.

2014లో ఇమాన్యుయెల్ ముడియే ఎస్ఎంయూ కాలేజీ కాదని చైనా క్లబ్ గ్వాంగ్‌డాంగ్‌కి వెళ్లాడు, 12 లక్షల డాలర్లు. చీలమండ గాయం. అంతా కలిపి 12 మ్యాచ్‌లు. 2015లో 7వ పిక్.

ఈ ముగ్గురిలో ఎవరి పాయింట్ల సగటూ డ్రాఫ్ట్ స్థానాన్ని నిర్ణయించలేదు. జెన్నింగ్స్, ముడియే వెళ్లేముందే హైస్కూల్ ఆటగాళ్ల టాప్ ర్యాంకుల్లో ఉన్నారు, వెళ్లొచ్చాక పెద్దగా దిగలేదు, అంతే. ర్యాంకు 80లో ఉన్న కుర్రాడు విదేశం వెళ్తే పైకొస్తాడనడానికి ఈ పేర్లు సాక్ష్యం కావు.

ఆరో మనిషి
బ్రో, ముడియే విషయంలో అసలు పాఠం గాయం కాదు, స్లాట్. చైనాలో విదేశీ ఆటగాళ్ల సంఖ్య మీద పరిమితి. అతను పడిపోగానే ఆ జాగాలోకి విల్ బైనమ్‌ని తెచ్చారు. క్లబ్ యజమానికి మీ కుర్రాడి డ్రాఫ్ట్‌తో పనిలేదు, ఈ శనివారం మ్యాచ్ గెలవాలి. 18 ఏళ్లవాడు ఇంపోర్ట్ (విదేశీ ఆటగాడి) స్లాట్‌లో కూర్చుంటే, అతన్ని పోల్చేది 29 ఏళ్ల మాజీ ఎన్‌బీఏ గార్డ్‌తో.

ఆస్ట్రేలియా లీగ్ ఎన్‌బీఎల్ 2018లో 'నెక్స్ట్ స్టార్స్' (డ్రాఫ్ట్‌కి వెళ్లే కుర్రాళ్ల పథకం) పెట్టింది ఇందుకే. టీమ్‌కి 3 ఇంపోర్ట్‌లు, నెక్స్ట్ స్టార్ ఆ లెక్కలోకి రాడు. కాంట్రాక్ట్ లీగ్‌తో, కేటాయింపు క్లబ్‌కి. కాబట్టి అతన్ని బెంచి మీద ఉంచినా కోచ్‌కి నష్టం లేదు, తీసేయాలన్న తొందరా లేదు.

ఆ దారిలో వెళ్లినవాళ్లు: లామెలో బాల్ (ఇల్లవారా, 12 మ్యాచ్‌లు, 2020లో 3వ పిక్), ఆర్‌జే హ్యాంప్టన్ (న్యూజీలాండ్ బ్రేకర్స్, 24), జాష్ గిడ్డీ (అడిలైడ్, 2021లో 6), ఉస్మాన్ జెంగ్ (బ్రేకర్స్, 2022లో 11), అలెక్స్ సార్ (పర్త్, 2024లో 2). ఇంకో వైపూ చూడండి: బ్రయన్ బోవెన్ (సిడ్నీ, 2019), ట్రెంటిన్ ఫ్లవర్స్ (అడిలైడ్, 2024) ఇద్దర్నీ ఎవరూ పిక్ చేయలేదు, టూ-వే కాంట్రాక్టులతో (ఎన్‌బీఏ టీమ్‌కీ, దాని కింది జీ లీగ్ టీమ్‌కీ ఆడే ఒప్పందం) సరిపెట్టుకున్నారు.

బ్యాక్‌డోర్ కట్
పై జాబితాలో గిడ్డీ ఆస్ట్రేలియా వాడు, జెంగ్, సార్ ఫ్రాన్స్ వాళ్లు. కాలేజీ వదిలిన అమెరికా కుర్రాళ్లు అంటూ వాళ్లని కలిపి చెప్పకండి. విదేశంలోనే ఉండి ఆడినవాళ్లకి డ్రాఫ్ట్ నిబంధనే వేరు, ఇది చాలామందికి తెలియని మెలిక.

ఎన్‌బీఏ దృష్టిలో 'ఇంటర్నేషనల్ ప్లేయర్' అంటే డ్రాఫ్ట్‌కి ముందు కనీసం 3 ఏళ్లు అమెరికా బయట స్థిరంగా ఉండాలి, అమెరికాలో హైస్కూల్ పూర్తి చేసి ఉండకూడదు, అక్కడి కాలేజీలో చేరి ఉండకూడదు. అలాంటివాడు 22 నిండే సంవత్సరం వరకు ఆగొచ్చు, ముందే పేరిచ్చి వెనక్కి తీసుకోవచ్చు.

అమెరికాలో చదివిన కుర్రాడు విదేశీ క్లబ్‌తో సంతకం పెట్టి ఆ కాంట్రాక్ట్ కింద ఆడాడంటే, వయసు షరతు తీరగానే ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో ఆటోమేటిక్‌గా ఉన్నట్టే. 2020లో లామెలో, హ్యాంప్టన్ పేర్లు అలాగే వచ్చాయి. ఉపసంహరణ లేదు. కాలేజీ కుర్రాడు కంబైన్‌కి (డ్రాఫ్ట్ ముందు టీమ్‌లు ఆటగాళ్లని పరీక్షించే శిబిరం) వెళ్లి, టీమ్‌లు పెదవి విరిస్తే, పేరు తీసేసుకుని ఇంకో సీజన్ ఆడొచ్చు. విదేశం వెళ్లినవాడికి ఒకటే తూటా.

చిత్తు కాగితం
@బ్యాక్‌డోర్ కట్ అన్నా, పిక్ రాకపోతే ఏమవుతుంది? మళ్లీ వచ్చే ఏడాది డ్రాఫ్ట్‌లో ఉండొచ్చా?

బ్యాక్‌డోర్ కట్
ఉండడు తమ్ముడూ. పిక్ రాకపోతే ఫ్రీ ఏజెంట్. ఏ టీమ్‌తోనైనా సమ్మర్ లీగ్, టూ-వే, జీ లీగ్ మాట్లాడుకోవచ్చు. పోయేది ఫస్ట్ రౌండ్ పిక్‌లకి ముందే నిర్ణయించిన జీతాల స్కేల్: అక్కడ మొదటి 2 ఏళ్ల జీతం గ్యారంటీ, తర్వాతి 2 ఏళ్లు టీమ్ ఇష్టం. సెకండ్ రౌండ్‌లోనే ఆ గ్యారంటీ లేదు, ఇక పిక్ రానివాడికి ఎక్కడిది.

లెక్కల మాస్టారు
కాంట్రాక్ట్ గురించి నేను రాస్తాను. ఏజెంట్ పంపే కాగితం మొదటి పేజీలో జీతం పెద్దక్షరాల్లో ఉంటుంది. చదవాల్సింది మిగతా పేజీలు.

జీతం 'నెట్' అని రాసి ఉంటే స్థానిక ట్యాక్స్ క్లబ్ కడుతుందని అర్థం. నెలకి ఎంత, ఏ తేదీన, ఏ కరెన్సీలో అన్నది వాయిదాల పట్టికగా ఉండాలి. ఆలస్యమైతే ఏమిటో అదే పేరాలో రావాలి. వాడుకలో ఉన్న పద్ధతి: 15 రోజులు దాటితే ప్రాక్టీసుకి రానక్కర్లేదు, 30 దాటితే కాంట్రాక్ట్ తెంచుకుని మిగతా మొత్తం అడగొచ్చు. ఈ వాక్యం లేకపోతే, జీతం రాలేదని ప్రాక్టీస్ మానేసిన ఆటగాడిదే తప్పవుతుంది.

'పూర్తి గ్యారంటీ' అన్న మాట పక్కన వైద్య పరీక్ష షరతు ఉంటుంది. దిగిన 48 నుంచి 72 గంటల్లోపు పరీక్ష చేయాలి, ఆ గడువులో అభ్యంతరం రాతపూర్వకంగా రాకపోతే పాస్ అయినట్టే అని రాయించుకోవాలి. గడువు రాయకపోతే నెల తర్వాత రెండు మ్యాచ్‌లు ఓడాక ఆ మోకాలి స్కాన్ మళ్లీ బయటికొస్తుంది. 'ట్రయౌట్' అని ఎక్కడ కనిపించినా గ్యారంటీ ఇంకా మొదలు కాలేదనే అర్థం.

ఇల్లు, కారు, రానుపోను టికెట్లు ఎన్ని, అమ్మానాన్నలకి ఎన్ని అన్నది సంఖ్యతో ఉండాలి. కరెంటు, గ్యాస్ బిల్లు ఎవరిదో కూడా. చిన్నవాడు ఒక్కడే ఉంటే ఇవే నెల నెలా గొడవ. ఆపరేషన్ కావాలంటే రెండో అభిప్రాయం తనకి నచ్చిన డాక్టర్ దగ్గర తీసుకునే హక్కు, దాని ఖర్చు ఎవరిదన్నది కూడా.

ఏజెంట్ కమిషన్ విదేశాల్లో మామూలుగా 10 శాతం, క్లబ్ ఇస్తుంది. ఎన్‌బీఏలో గరిష్ఠం 4 శాతం, ఆటగాడే ఇస్తాడు. కొందరు రెండువైపులా తీసుకుంటారు, అదెక్కడ దాక్కుందో చూడాలి.

ఇక తగాదా నిబంధన: 'బీఏటీ, జెనీవా' అని ఉండి తీరాలి. ప్రపంచ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా 2007లో మొదలుపెట్టిన ఆర్బిట్రేషన్ (కోర్టు బయట తగాదా తీర్చే పద్ధతి) ఇది. ఒకే ఆర్బిట్రేటర్, స్థానిక చట్టాల చిక్కుముళ్లలోకి పోకుండా న్యాయంగా తోచింది తీర్పిస్తారు, వ్యవహారమంతా ఇంగ్లీషులోనే. తీర్పు వచ్చినా క్లబ్ కట్టకపోతే ఫిబా కొత్త ఆటగాళ్ల రిజిస్ట్రేషన్ ఆపేయగలదు, అక్కడ దారికొస్తారు. ఈ లైన్ లేకపోతే ఆ ఊరి కోర్టులో ఆ ఊరి భాషలో కేసు వేసుకోవాలి. ఉన్నా, ఫీజూ ఖర్చుల అడ్వాన్సూ ముందు మనమే కట్టాలి, కాబట్టి చిన్న మొత్తాలకి అది గిట్టుబాటు కాదు.

ట్రాన్సిషన్
మాస్టారు గారూ, అద్భుతం. ట్యాక్స్ కూడా మీరే రాయండి. "విదేశీ జీతానికి అమెరికా ట్యాక్స్ ఉండదు" అని ఒక గ్రూపులో చూశాను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

లెక్కల మాస్టారు
నవ్వండి, కానీ తర్వాత నోటీసొస్తే ఏడుపే. అమెరికా పౌరుడు, గ్రీన్ కార్డ్ ఉన్నవాడు ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాలో చూపించాలి. ఆ గ్రూపువాళ్లు చెప్పేది ఫారం 2555 మినహాయింపు, 2025కి 1,30,000 డాలర్ల వరకు. దానికి ఏ వరస 12 నెలల్లోనైనా 330 పూర్తి రోజులు విదేశంలో ఉండాలి, లేదా ఒక పూర్తి ట్యాక్స్ సంవత్సరం అక్కడి నివాసి కావాలి.

ఇప్పుడు సీజన్ లెక్క వేయండి. ఆగస్టు మొదట్లో మెల్‌బోర్న్‌లో దిగాడు, మార్చి మొదట్లో సీజన్ ముగిసింది, డ్రాఫ్ట్ వర్కౌట్లకి వెంటనే లాస్ ఏంజెలెస్. సుమారు 210 రోజులు. 330 ఎక్కడ? మినహాయింపు పోయింది. మిగిలింది ఫారం 1116, అంటే అక్కడ కట్టిన ట్యాక్స్‌కి ఇక్కడ క్రెడిట్. దానికి రుజువు కావాలి. 'నెట్' కాంట్రాక్ట్‌లో క్లబ్ మీ పేరు మీద కట్టిన ట్యాక్స్ కూడా మీ ఆదాయంలోకే వస్తుంది, కాబట్టి చలానా, సర్టిఫికెట్ ఇచ్చి తీరాలని కాంట్రాక్ట్‌లోనే రాయించాలి. సీజన్ అయ్యాక అడిగితే ఫోన్ ఎత్తేవాడుండడు.

ఆస్ట్రేలియాలో ఇంకో తిరకాసు. వాళ్ల ఆర్థిక సంవత్సరం జులై నుంచి జూన్. ఒక సీజన్ జీతం వాళ్లకి ఒకే సంవత్సరంలో పడుతుంది, అమెరికాకి రెండు సంవత్సరాల్లో చీలుతుంది. అక్కడ నాన్-రెసిడెంట్‌గా లెక్కిస్తే మొదటి డాలర్ నుంచే 30 శాతం. పైగా యజమాని 'సూపర్' (రిటైర్మెంట్ నిధి) కట్టాలి, 2025 జులై నుంచి 12 శాతం. సిడ్నీ, మెల్‌బోర్న్ మనవాళ్లకి ఇది రోజూ వినే మాటే. టెంపరరీ వీసా వాడు దేశం వదిలాక వీసా ముగిస్తే ఆ డబ్బు అడిగి తెచ్చుకోవచ్చు, 35 శాతం పట్టుకుని ఇస్తారు. చాలామంది కుర్రాళ్లు దాన్ని అడగరు, మర్చిపోతారు.

విదేశీ బ్యాంకు ఖాతాల్లో మొత్తం ఏ ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల రిపోర్టు) వేయాలి. ఇండియాలో ఎన్ఆర్ఓ ఖాతాలున్న తల్లిదండ్రులకి ఇది కంఠతా వచ్చు. కొడుకు పేరు మీద అతనిది అతనే వేయాలన్నది గుర్తుంచుకోండి.

పెయింట్‌లో పాండు
డబ్బు సంగతి అయ్యాక ఆట సంగతికి రండి. అక్కడ కుర్రాడు తడబడేది ప్రతిభ లేక కాదు, నిబంధనల అలవాటు లేక.

ఫిబాలో డిఫెన్సివ్ త్రీ సెకండ్స్ (డిఫెండర్ ఎవర్నీ కాయకుండా రింగు కింద 3 సెకన్లకి మించి ఉండకూడదన్న ఎన్‌బీఏ నిబంధన) లేదు. ఎదుటి సెంటర్ రింగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు నిలబడతాడు. హైస్కూల్లో పిక్-అండ్-రోల్ (సహచరుడు డిఫెండర్‌కి అడ్డం నిలబడి దారిచ్చే ఎత్తుగడ) అవగానే దూసుకెళ్లి డంక్ చేసిన గార్డ్, ఇక్కడ అదే దారిలో వెళ్తే ఏడడుగుల గోడకి గుద్దుకుంటాడు. ఫ్లోటర్ (డిఫెండర్ చేతుల మీదుగా ఎత్తి వేసే షాట్), పాకెట్ పాస్ (డిఫెండర్ల మధ్య సందులోంచి ఇచ్చే పాస్) లేనివాడు రెండు వారాల్లో తేలిపోతాడు.

బంతి రింగుకి తగిలాక ఎవరైనా కొట్టేయొచ్చు. అమెరికా కుర్రాళ్లు అలవాటుగా చేతులు దించి చూస్తూ ఉంటారు, ఎదుటివాడు చెదరగొట్టేస్తాడు.

టైమౌట్ విచిత్రం ఇంకోటి. ట్రాప్‌లో ఇరుక్కున్న గార్డ్ రెండు చేతులతో టీ గుర్తు చూపిస్తాడు. ఏమీ జరగదు. టైమౌట్ కోచ్ టేబుల్ దగ్గర అడగాలి, బంతి చచ్చినప్పుడే ఇస్తారు. ఈలోగా బంతి పోతుంది, కోచ్ అరుస్తాడు, మరుసటి క్వార్టర్ అంతా బెంచి.

త్రీ లైన్ (మూడు పాయింట్ల గీత) 6.75 మీటర్లు, 2019-20 నుంచి కాలేజీ కూడా అంతే, ఎన్‌బీఏ 7.24. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి గడువు) కాలేజీలో 30 సెకన్లు, ఫిబా, ఎన్‌బీఏ రెండిట్లో 24. నా మటుకు విదేశీ సీజన్‌లో నిజమైన లాభం ఈ 24 సెకన్లే, ఎన్‌బీఏ వేగానికి అలవాటు అక్కడే పడుతుంది.

నిమిషాల గురించి మాత్రం ఆశ పెట్టుకోకండి. ఏజే జాన్సన్ ఇల్లవారాలో మ్యాచ్‌కి 3 పాయింట్లు కూడా తీయలేదు, అయినా 2024లో 23వ పిక్. సార్ కూడా పర్త్‌లో బెంచి నుంచి వచ్చేవాడు. స్కౌట్లు మ్యాచ్‌తో పాటు ప్రాక్టీస్ కూడా చూస్తారు, కోచ్‌తో మాట్లాడతారు. తిట్టినప్పుడు కుర్రాడి ముఖం ఎలా మారిందో కూడా రాసుకుంటారు.

గోదారి గార్డ్
ఇదంతా 2020 నాటి చర్చ అయితే నేనూ ఒప్పుకుందును. ఇప్పుడు లెక్క తిరగబడింది కదా పాండు గారూ. 2021 జులై 1 నుంచి కాలేజీ ఆటగాళ్లు పేరు, బొమ్మ అమ్ముకోవచ్చు. 2025 జూన్‌లో కాలేజీ ఆటగాళ్లు వేసిన 'హౌస్' కేసు సెటిల్‌మెంట్‌కి కోర్టు ఆమోదం పడ్డాక కాలేజీయే ఆటగాళ్లకి నేరుగా డబ్బు పంచుతోంది, 2025-26కి ఒక్కో స్కూలుకి గరిష్ఠం 2.05 కోట్ల డాలర్లు, అన్ని ఆటలకీ కలిపి. అది కాక బయటి ఒప్పందాలు, 600 డాలర్లు దాటితే వాటిని పరిశీలించే క్లియరింగ్ హౌస్‌కి చెప్పాలి.

దీని దెబ్బకి, కాలేజీ వద్దన్న కుర్రాళ్లకి జీతమిచ్చే జీ లీగ్ టీమ్ ఇగ్నైట్ 2023-24తో మూతపడింది. 2020లో జేలెన్ గ్రీన్‌కి 5 లక్షల డాలర్లని అబ్బురంగా చెప్పుకున్న టీమ్ అది. ఇప్పుడు యూరప్ కుర్రాళ్లే ఇటొస్తున్నారు: ఎగోర్ డెమిన్ రియల్ మాడ్రిడ్ నుంచి బీవైయూ కాలేజీకి, కాస్పరాస్ యాకుచోనిస్ బార్సిలోనా నుంచి ఇలినాయి కాలేజీకి. 2025లో 8, 20 పిక్‌లు. 2023లో 31వ పిక్ అయిన జేమ్స్ నాజీకి 2025 డిసెంబర్‌లో బేలర్ కాలేజీకి ఆడే అర్హత దొరికింది. డబ్బు కోసం విదేశం అనే మాటకి ఇప్పుడు అర్థం లేదు.

ఆరో మనిషి
డబ్బు కోసం కాదు, ఒప్పుకుంటా. కానీ కాలేజీ తలుపు అందరికీ తెరిచి లేదు. డివిజన్ 1కి (కాలేజీ ఆటల పై శ్రేణి) 16 కోర్ కోర్సులు, వాటిలో 10 హైస్కూల్ చివరి ఏడాదికి ముందే, 2.3 జీపీఏ. ఆన్‌లైన్ ప్రెప్ స్కూళ్లలో గడిపిన కుర్రాళ్లు కొందరు ఇక్కడే చిక్కుకుంటారు. వాళ్లకి విదేశం తప్ప మార్గం లేదు.

నాజీ కేసు చూసి వెళ్లొచ్చాక కాలేజీలో చేరొచ్చులే అనుకోకండి. ఎన్‌బీఏ కాంట్రాక్ట్ సంతకం చేసినవాళ్లకి అర్హత ఇవ్వబోమని కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ గట్టిగానే చెప్పింది, మిగతావాళ్లని కేసు కేసుగా చూస్తోంది. ఎటు వెళ్లినా ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో రిజిస్టర్ అయి కోర్సులు పూర్తి చేసి ఉంచుకోవడం మేలు.

ట్రాన్సిషన్
మన ఇళ్లలో హెచ్‌-4 (ఉద్యోగి కుటుంబ వీసా) మీదున్న పిల్లల సంగతి? ఎఫ్‌-1 (విద్యార్థి వీసా) వాళ్లది?

బ్యాక్‌డోర్ కట్
ఇక్కడ పైన చెప్పిన కాలేజీ డబ్బు సగం మాయమవుతుంది. హెచ్‌-4 పిల్లలకి పని అనుమతి లేదు, ఆ అనుమతి కార్డు (ఈఏడీ) జీవిత భాగస్వాములకే. 21 నిండితే హెచ్‌-4 కూడా పోతుంది. ఎఫ్‌-1 మీద షూటింగుకి రావడం, సంతకాలమ్మడం లాంటివి అమెరికా నేల మీద చేస్తే స్టేటస్‌కే ముప్పు. అందుకే కెంటకీ ఆటగాడు ఆస్కార్ షిబ్వే 2022 ఆగస్టులో టీమ్ బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ ఆ ప్రకటనల పని పెట్టుకున్నాడు. కాలేజీ నేరుగా ఇచ్చే వాటా తీసుకునే ముందు కూడా ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగాలి, కోచ్‌ని కాదు.

అలాంటి కుర్రాడికి విదేశీ క్లబ్ వర్క్ వీసా ఇచ్చి నెల జీతం ఇస్తే అది చట్టబద్ధంగా చేతికొచ్చే డబ్బు. కాకపోతే అమెరికాకి తిరిగి రావాలంటే మళ్లీ వీసా స్టాంపింగ్. డ్రాఫ్ట్ వర్కౌట్లు మే, జూన్‌లో, అపాయింట్‌మెంట్ అప్పటికి దొరకాలి.

చిత్తు కాగితం
హైదరాబాద్, విజయవాడ నుంచి నేరుగా వెళ్లగలరా? 16, 17 ఏళ్లకి?

కోర్టుసైడ్
18లోపు దేశం మారి ఆడటం ఫిబా సూత్రప్రాయంగా ఒప్పుకోదు. తల్లిదండ్రులు ఆటతో సంబంధం లేని కారణంతో అక్కడికి మారడం లాంటి ప్రత్యేక సందర్భాల్లోనే అనుమతి. 18 దాటాక కూడా భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య (బీఎఫ్ఐ) నుంచి లెటర్ ఆఫ్ క్లియరెన్స్ కావాలి, పాత క్లబ్ కాంట్రాక్ట్ ఉందని అడ్డం తిరిగితే అది ఆగిపోతుంది.

మనవాళ్లు వెళ్లిన దారులు వేరు. సత్నామ్ సింగ్ 2010లో అమెరికాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లి, కాలేజీ ఆడకుండానే 2015లో 52వ పిక్ అయ్యాడు. ప్రిన్స్‌పాల్ సింగ్ నోయిడా ఎన్‌బీఏ అకాడమీ నుంచి ఇగ్నైట్‌కి. విశేష్ భృగువంశి 2017లో అడిలైడ్‌తో ట్రైనింగ్ ప్లేయర్‌గా ఒప్పందం చేసుకున్నాడు. ఇంపోర్ట్ స్లాట్ ఇండియా పాస్‌పోర్ట్ కుర్రాడికి ఇవ్వాలంటే అదే డబ్బుకి దొరికే అమెరికన్ కంటే మెరుగ్గా ఉండాలి, అది గట్టి షరతు. ఇక అమెరికాలో పుట్టిన పిల్లల ఓసీఐ కార్డ్ ఇక్కడ పనికిరాదు, ఇండియా జట్టుకి ఆడాలంటే భారత పాస్‌పోర్టే కావాలి.

చిత్తు కాగితం
చివరిది, మాస్టారు గారూ. రెండేళ్ల కాంట్రాక్ట్ మీద ఉండగా డ్రాఫ్ట్ అయితే క్లబ్ వదులుతుందా?

లెక్కల మాస్టారు
'ఎన్‌బీఏ అవుట్' (ఎన్‌బీఏకి వెళ్లేలా వదిలే నిబంధన) రాసి ఉంటేనే. మూడు సంగతులు చూడాలి: ఎంత, ఎప్పటిలోగా, నోటీసు ఎలా. 2025-26లో ఎన్‌బీఏ టీమ్ తన క్యాప్‌కి (జీతాల పరిమితి) తగలకుండా ఇవ్వగలిగేది 8,75,000 డాలర్లు. బైఔట్ (పాత క్లబ్‌కి కట్టే విడుదల సొమ్ము) 15 లక్షలైతే మిగతా 6,25,000 కుర్రాడి సొంత జీతంలోంచే. ఫస్ట్ రౌండ్ చివరలో పిక్ అయినవాడికి అది మోయలేని బరువు, సెకండ్ రౌండ్ వాడైతే అక్కడే ఆగిపోతాడు.

గడువు సాధారణంగా జులైలో ఉంటుంది. ఏజెంట్ వాట్సాప్ మెసేజ్ పెట్టాడు, క్లబ్ మేనేజర్ బొటనవేలు ఎమోజీ పెట్టాడు, అది నోటీసు కాదు. కాంట్రాక్ట్‌లో రాసిన ఈమెయిల్‌కే పంపాలి, సంతకం చేసిన కాగితం జత చేయాలి. 'జులై 15' అని ఉంటే ఏ ఊరి గడియారమో కూడా రాయించండి. మెల్‌బోర్న్‌లో ఆ రోజు అర్ధరాత్రి దాటేసరికి న్యూయార్క్‌లో ఇంకా 15వ తేదీ ఉదయం పదే.